సాక్ష్యం దగ్గరే తెగే లైను

పాటలు వింటే పోదు, సినిమా చూస్తే పోదు. కేసు గురించి నోరు తెరిస్తే మాత్రం ఇంటర్నెట్ లైను పోతుంది. ఇది కంప్యూటరు రోగం కాదు, ఎవరో పెడుతున్న చిచ్చు అని సూదక్క తేల్చేసుకుంది.

సూదక్క అన్నది కుట్టు ఫ్యాక్టరీ ఆడవాళ్లు పెట్టిన పేరు. సగం ఆమె పనిని చూసి, సగం ఆమె నోటిని చూసి. కుట్టు హాలులో పొగ కమ్ముకున్న రోజు వెనక తలుపుకు తాళం వేసి ఉంది. ఆడవాళ్లు స్టూళ్లతో బాది ఆ తలుపు పగలగొట్టుకుని బయటపడ్డారు. ప్రాణాలు దక్కాయి, ఉద్యోగాలు పోయాయి. తలుపు తెరిచే ఉందట, వీళ్లే పొగరెక్కి విరగ్గొట్టారట! యాజమాన్యం అలా రాసిచ్చింది. అందరికంటే ముందుండి ఆ తాళాన్ని చేత్తో పట్టి లాగింది సూదక్క. మిగతావాళ్లు వెనక పొగలో దగ్గుతూ ఉన్నారు. చూశానని చెప్పగలిగేది ఆమె ఒక్కతే. ఆమె చెబితేనే అందరికీ మళ్లీ పని.

విచారణ అధికారి వేరే ఊళ్లో ఉంటాడు కాబట్టి సాక్ష్యం కంప్యూటర్లోనే చెప్పాలి. రెండుసార్లు కూర్చుంది. రెండుసార్లూ "ఆ రోజు నేను" అనేసరికి తెర మీద అధికారి మొహం నోరు తెరుచుకుని బిగుసుకుపోయింది. మూడోసారి కూడా సాక్షి మాట్లాడకపోతే కేసు మూసేస్తానని ఆయన చెప్పేశాడు. ఆ మూడోసారి ఈ మధ్యాహ్నమే. ఆమె ఇంట్లో ఫోనుకు సిగ్నల్ అందదు. ఇంకొకరి ఇంటికి వెళ్లి మాట్లాడడానికి సూదక్క ఎవరినీ నమ్మదు.

మొదట ఎదురింటి వాచ్‌మన్‌ను అనుమానించింది. అతను రాత్రిళ్లు ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే కూర్చుంటాడు. తర్వాత లైను బాగుచేసేవాడిని అనుమానించింది. ఇప్పుడు అనుమానం ఇంట్లోకే వచ్చి మరిది మీద ఆగింది. వదినను గెంటేసిన ఫ్యాక్టరీ మరిదిని పిలిచి గోడౌన్లో పని ఎందుకిచ్చింది? కంప్యూటరు బిగించిందీ అతనే. ముందుగదిలో లైట్లు మిణుకుమిణుకుమనే డబ్బా నుంచి గోడవారగా తీగ లాగి, గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా కింద నుంచి వెనకగదిలోకి తెచ్చిందీ అతనే. అన్నిటికంటే గట్టి రుజువు ఇంకొకటి ఉంది. అతను వచ్చి నిలబడితే లైను వస్తుంది, అతను అటు వెళ్లగానే పోతుంది.

విచారణకు అరగంట ముందు, కేసు చూసే ప్లీడరమ్మతో ఒకసారి మాట్లాడి చూసుకుందామని కూర్చుంటే అదే జరిగింది. సూదక్క తలుపు తీసి కేకేసింది. మరిది వచ్చి డబ్బా ఆపి మళ్లీ వేశాడు, తీగ కొసలు పీకి పెట్టాడు. ప్లీడరమ్మ తెర మీద నవ్వుతూ ప్రత్యక్షమైంది.

"మంత్రం ఏదైనా వేస్తున్నావా నాయనా?" అంది సూదక్క.

"నేనేం చేశాను వదినా? తీసి పెట్టానంతే."

"నువ్వు తీస్తావు, నువ్వే పెడతావు. ఎవరు చెబితే తీస్తున్నావు?"

అతని మొహం మాడిపోయింది. ముందుగదిలో కూరగాయలు తరుగుతున్న అత్త కత్తి ఆపింది. "వాడికి చిన్నప్పుడు చొక్కా గుండీలే సరిగ్గా పడేవి కావమ్మా. వాడు కుట్ర చేస్తాడా? చేసినా మధ్యలో దొరికిపోతాడు."

"మీరు ఊరుకోండి అత్తయ్యా. ఒరేయ్, ఇలా వచ్చి కూర్చో. కదలకు. చేతులు ఒళ్లో పెట్టుకో, నాకు కనపడాలి. ఇప్పుడు ఎలా పోతుందో చూస్తాను."

అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎప్పటిలాగే వెళ్లి తలుపు వేసింది. ఫ్యాక్టరీ యూనియన్లో ఆమె అందరికీ నేర్పిన మొదటి పాఠం అదే. నోరు తెరిచే ముందు తలుపు మూయాలి. బయట ఎవరి చెవి ఎవరికి అమ్ముడుపోయిందో తెలియదు. కింద నేలకు రాసుకునే ఆ తలుపును భుజంతో నెట్టి గడియ బిగించింది.

ప్లీడరమ్మ మొహం బిగుసుకుపోయింది.

మరిది చేతులు ఒళ్లోనే ఉన్నాయి. వాటిని పైకెత్తి చూపించాడు. "నా చేతులు ఇక్కడున్నాయి వదినా. నీ చేతులే గడియ మీదున్నాయి."

సూదక్క గడియ తీసింది. కాసేపటికి ప్లీడరమ్మ కదిలింది. మళ్లీ వేసింది. మళ్లీ బిగుసుకుంది. ఇద్దరూ వంగి పట్టా ఎత్తి చూశారు. తలుపు అంచు కింద నలిగి నలిగి తీగ చదునైపోయింది, పైతొడుగు చీలింది. పాటలు వినేటప్పుడు తలుపు మూయాలని ఈ ఇంట్లో ఎవరికి తడుతుంది? రహస్యం మాట్లాడేటప్పుడే కదా ఆమె మూసేది.

క్షమించమని అడగడం సూదక్కకు చేతకాదు. "తీగ ఇంత పొట్టిది తెచ్చావేం?" అంది.

మరిది నవ్వలేదు. "పనిలో పెట్టుకున్న రోజే అడిగారు వదినా. ఇంట్లో మీ వదిన ఏం మాట్లాడుతుందని. తలుపేసుకుని మాట్లాడుతుంది, నాకేం వినపడదు అన్నాను. రోజూ అదే చెబుతున్నాను."

సూదక్కకు అతన్ని నమ్మాలనే ఉంది, నమ్మే అలవాటే లేదు. కొత్త తీగ తెచ్చే టైము లేదు. తలుపు తెరిచి ఉంటే వెనకగదిలో మాట ముందుగది దాటి వీధిలో పడుతుంది. వాచ్‌మన్ ఇంటి అరుగు ఎదురుగానే ఉంది.

"ఇవాళ నీకు వినపడుతుంది," అంది.

"వినపడుతుంది."

"రేపు అడుగుతారు."

"అడుగుతారు."

"అయితే చెప్పు. తాళం వేసి ఉందట అని చెప్పు. నేను చెప్పమన్నానని కూడా చెప్పు."

గాలికి తలుపు మూసుకుపోకుండా మరిది దానికి వీపు ఆనించి గుమ్మంలో కూర్చున్నాడు. నలిగిన తీగ అతని కాళ్ల మధ్య నుంచి లోపలికి పోయింది. ఎదురరుగు మీద వాచ్‌మన్ పేపరు మడిచి ఇటే చూస్తున్నాడు. అధికారి తెర మీదికి వచ్చి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఆ రోజు నేను," అని సూదక్క ఆగింది. ఆయన మొహం కదులుతూనే ఉంది. "ఆ రోజు నేను వెనక తలుపు లాగాను. తాళం వేసి ఉంది. ఈ చేత్తోనే లాగాను."

"కొంచెం నెమ్మదిగా చెప్పండమ్మా, రాసుకోవాలి," అన్నాడు అధికారి.

సూదక్క నెమ్మదిగా చెప్పింది. గొంతు మాత్రం తగ్గించలేదు.