కోటి చెవి పెట్టిన గుట్ట

గుంటూరులో ఆ ఆసుపత్రి వరండాలోకి వచ్చి గంట కాలేదు, అప్పటికే నేను తొమ్మిదిసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్ళకి, ఒకసారి మా టోకెన్ ఎప్పుడొస్తుందో అడగడానికి, మిగిలిన ఏడుసార్లు ఊరికే. నా మొగుడు పేరయ్య నన్ను మించినవాడు. రెండు నిమిషాలకోసారి మెట్ల దాకా వెళ్ళి మబ్బు చూసి వస్తున్నాడు. మార్చి నెల. మా మిరపకాయంతా కల్లంలో పరిచి ఉంది, పొద్దున్నించీ ఆకాశం మొహం మాడ్చుకుని ఉంది. ఆయన చొక్కా జేబులో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో గుప్పెడు శాంపిలు కాయలు. డాక్టరు పని అవగానే మిర్చి యార్డుకి వెళ్ళి తెలిసిన వ్యాపారికి చూపించాలని తెచ్చుకున్నాడు.

"బాగా ఎండినయ్యే కాయలు. రేపే బస్తాలకెత్తేద్దాం, వాన లోపు" అన్నాడు, కూర్చోకుండానే.

"ముందు మనల్ని లోపలికి పిలవనీ" అన్నాను.

మా ఇద్దరి మధ్య బల్ల మీద కోటి కూర్చుంది. కోటి అంటే కోటేశ్వరి, నా ఆడబిడ్డ. ముప్పై రెండేళ్ళు. పుట్టుకతోనే బుద్ధి వయసుతో పాటు ఎదగలేదు, మూర్ఛలు కూడా ఉన్నాయి. నేను కాపురానికి వచ్చేసరికి దానికి పదమూడు. మా అత్తగారు పోయాక దాని తల దువ్వినదీ నేనే, వీపు మీద రెండు వేసినదీ నేనే. అందుకే దాన్ని ఇంకెవరైనా ఏమన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు ఆ కోటి ముందుకీ వెనక్కీ ఊగుతూ ఎడమ చేతిని గోక్కుంటోంది. మోచేతి దగ్గర తోలు లేచి ఎర్రగా పుండు పడింది. నేను చెయ్యి పట్టుకుని ఆపితే ఆపుతుంది, వదిలితే మళ్ళీ మొదలు. రెండు నెలల కిందట ఇలా లేదు. ఇలా చేసింది మేమే, అందులోనూ ముఖ్యంగా నేను.

జనవరిలో కబురొచ్చింది, పింఛను తీసుకునే వికలాంగులంతా మళ్ళీ డాక్టర్లకి చూపించుకుని కొత్త సర్టిఫికెట్ తెచ్చుకోవాలని. ఆ వెనకే ఊళ్ళో ఒక పుకారు. ఎవరో ఒకాయన గొర్రెలు తోలుతుంటే ఫొటో తీశారట, పని చేసుకుంటున్నాడని పింఛను ఆపేశారట. ఎవరాయన, ఏ ఊరు అంటే చెప్పినవాడికీ తెలియదు. కానీ భయపడటానికి ఊరూ పేరూ అక్కర్లేదు కదా. మా పేరయ్య ఆ రోజు అన్నం సగంలో లేచాడు. ఆ పింఛను కోటిది. మూర్ఛ మాత్రలు దానితోనే కొంటాం. రేపు మేమిద్దరం పోతే దానికంటూ మిగిలేది అదొక్కటే.

చిక్కేమిటంటే, మా కోటి పనిమంతురాలు. ఏటా కాయ కల్లంలోకి రాగానే కూలికొచ్చే జైతున్‌బీ ముఠా ఆడవాళ్ళతో కలిసి వరసలో కూర్చుంటుంది. కాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీస్తుంది, తెల్లబోయిన తాలు కాయలు ఏరి పక్కన పడేస్తుంది. ఇంకో అలవాటుంది. గుట్టలోంచి ఒక్కో కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంది. గింజ గలగలమంటే ఎండినట్టు. చప్పుడు లేకపోతే "పచ్చి" అని గుట్టని చేత్తో తోసేస్తుంది. మనమూ వినొచ్చు కానీ మన చెవికి అన్నీ ఒకేలా మోగుతాయి. మూడేళ్ళ కిందట అది "పచ్చి" అంటుంటే మా ఆయన వినకుండా బస్తాలకెత్తాడు. నెల తిరక్కుండానే లోపలంతా తెల్లటి బూజు. అప్పటినుంచి కొత్తగా వచ్చిన కూలీ ఎవరైనా కోటిని చూసి నవ్వితే జైతున్‌బీ ఊరుకోదు. "నవ్వుకోండమ్మా నవ్వుకోండి, కోటి చెవి పెట్టిన గుట్ట బూజు పట్టదు" అంటుంది.

ఆ కోటిని ఈ ఏడు కల్లంలోకి రానివ్వలేదు. ఎవరైనా చూస్తే, ఫొటో తీస్తే? ఇంట్లో కూర్చోబెట్టాం. అంతటితో ఆగినా బాగుండేది. నేను తెలివైనదాన్ని కదా, దానికి పాఠం మొదలుపెట్టాను.

"కోటీ, డాక్టరు నిన్ను ఏం అడిగినా నాకు రాదు అనాలి. జడ వేసుకోవడం వచ్చా?"

"వచ్చు" అని జడ ముందుకు లాగి చూపించింది, గర్వంగా.

"అట్టా కాదే మొద్దూ. రాదు అనాలి."

వేటపాలెం నుంచి మా తమ్ముడు జీడిపప్పు తెచ్చాడు. కోటికి జీడిపప్పంటే ప్రాణం. "రాదు" అన్నప్పుడల్లా ఒక పలుకు చేతిలో పెట్టాను. "వచ్చు" అంటే డబ్బా మూత పెట్టాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అన్నం తినడం వచ్చా? రాదు. ముచ్చిక తీయడం వచ్చా? రాదు. వారం తిరిగేసరికి తడుముకోకుండా చెప్పింది. మా ఆయన, నేను దాని తెలివికి ముచ్చటపడి నవ్వుకున్నాం కూడా.

మూడో వారంలో ఒకరోజు జడ వేసుకోలేదు. బద్ధకమనుకుని తిట్టాను. ఆ తర్వాత స్నానానికి నీళ్ళు తోడిపెడితే బకెట్ ముందు నిలబడిపోయింది. ఆ తర్వాత కంచం ముందు. కలిపి పెడితే రెండు ముద్దలు, తర్వాత అదీ లేదు. తెల్లారుఝామునే లేచి పెరట్లో గోడ పొడుగునా తిరగడం, గోక్కోవడం. జీడిపప్పు ఇస్తే అరచేతిలో ఉంచుకుని చూసేది, నోట్లో వేసుకునేది కాదు.

ఊళ్ళో ఆరెంపీ చెంచురామయ్య వచ్చి చూసి, "ఇట్టాంటోళ్ళు వయసు పెరిగేకొద్దీ ఇంతేనమ్మా" అని నిద్ర మాత్రలు ఇచ్చాడు. ఆ మాత్రలకి పగలు తూగేది, తిరగడం మాత్రం మానలేదు.

"ఒకందుకు మంచిదేలే, గురువారం సర్టిఫికెట్ డాక్టర్ల దగ్గరికి ఇట్టాగే తీసుకెళ్తే ఇంక మాట్టాడే పనే లేదు" అన్నాడు పేరయ్య.

నేనూ అదే అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇది దాచిపెట్టి మిగిలింది చెప్పడం దండగ. దాని ఒళ్ళు కరిగిపోతుంటే, ఆ గురువారం దాకా ఇలాగే ఉంటే చాలని లోపల్లోపల లెక్కలు వేసుకున్నాను.

నిన్న జైతున్‌బీ వచ్చింది. కోటి ఏదని రోజూ అడిగి అడిగి విసిగి, కల్లం నుంచి నేరుగా ఇంట్లోకి వచ్చేసింది. కొంగులో కట్టుకొచ్చిన గుప్పెడు కాయలు కోటి ఒళ్ళో పోసింది. ఏమీ అడగలేదు. ఊరికే పోసి ఎదురుగా కూర్చుంది.

కోటి ఆ కాయల వంక చూసింది. వెంటనే రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. "నాకు రాదు" అంది. ఎవరూ అడక్కుండా. "నాకు రాదు, నాకు రాదు" అంటూ గోడకి జరిగిపోయింది.

"ఏం జేశావు పార్వతమ్మా ఈ పిల్లని?" అంది జైతున్‌బీ. గొంతు పెంచి కాదు, మామూలుగానే. "మా అక్క కూతురికి కాన్పయ్యాక ఇట్టాగే తిండీ నిద్రా పోయినయ్. గుంటూరులో మనసు డాక్టరమ్మ బాగుజేసింది. రేపే తీసకపో. నువ్వు తీసకపోకపోతే నేను తీసకపోతా."

పేరయ్య ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "పని చేసేదని మాత్రం చెప్పమాక. ఈ ఆసుపత్రి కాయితం పోయి ఆ పింఛను కాయితంతో కలిసిందంటే అంతే సంగతులు."

అదీ మేము ఆ వరండాలో ఉన్న కారణం. చివరికి మా నంబరు పిలిచారు.

డాక్టరు మహతి గారు చిన్నావిడ, ముప్పై అయిదు కూడా ఉండవు. బల్ల అవతల నుంచి కుర్చీ లాక్కుని వచ్చి కోటి పక్కన వేసుకుంది. "కోటేశ్వరి గారూ, చేతికి నొప్పిగా ఉందా?" అంది. కోటిని ఎవరైనా గారూ అనడం నేను వినడం అదే మొదటిసారి.

"నాకు రాదు" అంది కోటి.

ఆవిడ తొందరపడలేదు. పళ్ళు చూసింది, చెవులు చూసింది, పొట్ట నొక్కి చూసింది. నొప్పి ఎక్కడుందో చెప్పలేనివాళ్ళు కూడా ఇలా గోక్కుంటారని, రక్తపరీక్షలు రాసింది. నిద్ర మాత్రల చీటీ చూసి పక్కన పెట్టింది. తర్వాత మా వైపు తిరిగింది.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"పుట్టినకాడి నుంచి ఇంతేనండీ" అన్నాడు పేరయ్య.

"పుట్టినప్పటి నుంచీ అన్నం మానేసిందా? అయితే ముప్పై రెండేళ్ళు ఎలా బతికిందండీ?"

పేరయ్య కిటికీలోంచి మబ్బు చూశాడు.

"చూడండి. బుద్ధి ఎదగకపోవడం ఒకటి, దిగులు జబ్బు ఇంకొకటి. బుద్ధి తక్కువైనంత మాత్రాన దిగులు రాకూడదని లేదు, మనకంటే ఎక్కువే వస్తుంది. ఏది చూసినా మొదటిదాని ఖాతాలో వేసేస్తే రెండోదానికి మందు పడదు. ఇంతకుముందు తను ఏమేం చేసుకునేదో చెప్పండి. మొదటి నుంచీ ఏమీ చేయలేదంటే, పోయిందేమీ లేదని నేను అనుకోవాలి. చేసేది మానేసిందంటే అది జబ్బు. బాగుచేయొచ్చు."

నా కాలి మీద మా ఆయన కాలు పడింది. గట్టిగానే.

"మీరు రాసేది ఎవరికన్నా పంపుతారా అండీ? గురువారం మాకు సర్టిఫికెట్ ఉంది" అన్నాను.

"నేనెవరికీ పంపను. కానీ ఎవరైనా అడిగితే అబద్ధం రాసివ్వను."

గది చిన్నది. ఫ్యాన్ టకటకమంటోంది. కోటి మళ్ళీ గోక్కోవడం మొదలుపెట్టింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు వేసింది నేను. గురువారం ఒకవైపు, ఈ చెయ్యి ఒకవైపు. పింఛను ఆగితే తిరిగి తిరిగి ఏదో ఒకటి చేసుకుంటాం. ఈ చెయ్యి ఆగిపోతే?

కాలు లాక్కున్నాను.

"జడ తనే వేసుకునేదండీ. స్నానం తనే. నాకు కూరలు తరిగిచ్చేది. కల్లంలో ముచ్చికలు తీసేది, తాలు ఏరేది, పొద్దున ఎనిమిదికి కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. నేనే మాన్పించాను. ఏమడిగినా రాదు అనమని నేనే నేర్పించాను, జీడిపప్పులు పెట్టి మరీ." నా గొంతు నాకే వికారంగా వినపడింది. "పింఛను కోసమండీ. దాని మంచికేనని. అది నిజంగా నమ్ముతుందని నాకు తెలియలేదండీ."

డాక్టరు గారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తల వంచుకుని రాసుకుంటోంది.

పేరయ్య ఫోన్ మోగింది, కల్లం నుంచే అయ్యుంటుంది. తీసుకోలేదు. నా వంక చూడలేదు. చాలాసేపు కోటి మోచేతి వంకే చూస్తూ ఉన్నాడు. ఇప్పుడు లేచి వెళ్ళిపోతాడు, ఇంటికెళ్ళాక నా పని అయిపోతుంది అనుకున్నాను. ఆయన జేబులో చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవరు విప్పి, ఒక కాయ తీసి కోటి ముందు పట్టుకున్నాడు.

"ఇంద కోటీ."

కోటి చేతులు వెనక్కి పోయాయి. "నాకు రాదు."

"వచ్చమ్మా. నీకొచ్చు. నాకే రాదు" అన్నాడు. పందొమ్మిదేళ్ళ కాపురంలో తనకి ఏదైనా రాదని ఆయన ఒప్పుకోగా నేను వినలేదు.

కాయ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. బయట ఎవరో తలుపు తోసి తొంగిచూసి వెళ్ళారు. డాక్టరు గారు పెన్ను కింద పెట్టింది. ఎంతసేపైందో తెలియదు. కోటి కుడిచెయ్యి ముందుకు వచ్చింది, మళ్ళీ వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. కాయ అందుకుంది. చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఆడించింది. కళ్ళు మూసుకుని ఇంకోసారి ఆడించింది.

"పచ్చి" అంది.

రెండు నెలల్లో దాని నోటి నుంచి వచ్చిన మొదటి కొత్త మాట.

పేరయ్య మొహం చూడాల్సింది. రేపు బస్తాలకెత్తుతానన్న కాయ అది, యార్డులో చూపించుకుందామని ఏరి ఏరి తెచ్చుకున్న కాయ. నవ్వబోయాడు, నవ్వు రాలేదు, కళ్ళు తుడుచుకున్నాడు.

"రాసుకోండి డాక్టరు గారూ, కాయ విని చెప్తదని రాసుకోండి. గురువారం నేనే చెప్తా, ఎవరడిగినా" అన్నాడు.

నేను ఏడుస్తూనే ఉన్నాను. మందులు ఎన్నాళ్ళు వాడాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో డాక్టరు గారు చెబుతుంటే సగం వినపడలేదు. రోజూ కల్లంలోకి తీసుకెళ్ళండి, చేసినా చేయకపోయినా కూర్చోనివ్వండి అన్నది మాత్రం వినపడింది.

కోటి ఆ పచ్చికాయని బల్ల మీద ఒక పక్కగా పెట్టింది, తాలు కాయల్ని పక్కన పెట్టినట్టే. వాళ్ళన్నయ్య జేబు వంక చూసి అరచెయ్యి చాపింది.

"ఇంకోటి ఇయ్యి."