గంగారాం కిరీటం

నేను ఒక రాజకిరీటాన్ని. బంగారం ఊసే లేదు నాలో. తేలికైన పొనికి చెక్కతో నన్ను చెక్కి, రంగులద్ది, అద్దపు ముక్కలు అతికించినవాడు చిందు యక్షగానం ఆడే ఎర్రన్న. ఆయన తరవాత ఆయన కొడుకు గంగారాం నన్ను పెట్టుకుని నలభై ఏళ్లు ఊరూరా దుర్యోధనుడి వేషం కట్టాడు. తరవాత ఊళ్లు పిలవడం మానేశాయి. మేళం చెదిరిపోయింది. పాత చీర చుట్టుకుని రేకుపెట్టెలో పదకొండేళ్లు పడుకున్నాను. చీకటి అలవాటైంది గాని, నెత్తి వెచ్చదనం మరపు రాలేదు.

అప్పుడు హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయం వాళ్లు, నాటకం చదివే పిల్లలకు నలభై రోజులు ఆట నేర్పమని గంగారాంను పిలిచారు. దరఖాస్తులో విద్యార్హత అన్నచోట ఆయన, "ఆరేండ్లప్పుడు గజ్జె గట్టిన" అని రాయించాడు. గుమాస్తా అది కొట్టేసి "లేదు" అని రాసుకున్నాడు.

మొదటిరోజు పిల్లలంతా ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మనోజ్ఞ అనే అమ్మాయి, "ఈ అడుగుకు ఎన్ని బీట్లు సార్?" అని అడిగింది.

"బీట్లు నాకెర్కలే బిడ్డా. ఆ ఫోను పక్కకువెట్టి నా యెంబడి దుంకు."

దుమికారు. మూడోరోజుకు గోడ పట్టుకుని నడిచారు. మనోజ్ఞకు పాడితే కాళ్లు ఆగిపోయేవి, కాళ్లు కదిలితే పాట ఆగిపోయేది. అయినా అందరూ వెళ్లాక ఒక్కతే ఆడుకునేది, నావైపు ఆశగా చూస్తూ. గంగారాం మాత్రం నన్ను ఎవరికీ ఇవ్వలేదు. చివరి ప్రదర్శనలో తానే కట్టాలని ఆయన కోరిక. నా కోరికా అదే.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం ఆయన మోకాలు వాచిపోయింది. వేషం వేసుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేకపోయాడు. ఆట ఆపేద్దామన్నారు నాటకశాఖ ప్రొఫెసర్ వసుంధర. గంగారాం నన్ను పెట్టెలోంచి తీసి మనోజ్ఞను పిలిచాడు.

"నాకింకా రాదు తాతా," అందామె.

"నాగ్గూడ రాలే. మా నాయన నెత్తికి వెట్టినంకనే వొచ్చింది."

గుడ్డ బిగించి కట్టాడు. కట్టడం అయినా చేతులు నన్ను చాలాసేపు వదల్లేదు.

రెండో చరణంలో ఆమె పాట మరిచిపోయింది. పక్కన కుర్చీలోంచి గంగారాం అందించాడు. ఆమె అందుకుంది. ఇక అక్కణ్ణుంచి కాలూ గొంతూ కలిసి నడిచాయి. పదకొండేళ్ల తరవాత నాకు చెమట తడి తగిలింది. అది ఆయనది కాదు.

మర్నాడు నన్ను శాఖకు ఇచ్చి వెళ్లమని వసుంధర అడిగారు.

"పిల్లలు కట్టుకుంటరా మేడం?"

"తప్పకుండా," అన్నారామె. ఆ క్షణాన నిజంగానే అనుకున్నారు.

ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని గంగారాం బస్సెక్కాడు. నన్ను అద్దాల బీరువాలో పెట్టి, "ముట్టుకోరాదు" అని కాగితం అతికించారు. మనోజ్ఞ చదువు ముగించుకుని వెళ్లిపోయింది.

రెండేళ్లకు కర్ర ఊతంగా గంగారాం వచ్చాడు. చెయ్యి చాచాడు.

"తాతా, ముట్టుకోవద్దు," అన్నాడు కాపలాదారు.

"సరే బిడ్డా," అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తరవాత బీరువా అద్దంలో తన నీడను చూసుకుంటూ కాస్త పక్కకు జరిగాడు, కాస్త వంగాడు. ఆ నీడ నెత్తి సరిగ్గా నా కిందికి వచ్చాక, ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడ్డాడు.