రెండో కార్డు

బడిలో తల్లిదండ్రుల మీటింగు శనివారం అన్నారు. మంగళవారం నుంచే నాకు అన్నం సయించడం మానేసింది. జీవశాస్త్రంలో నాకు యాభైకి పదకొండు వచ్చాయి. ఈ సంగతి అమ్మకు తెలియదు. అమ్మకే కాదు, చీపురుపల్లిలో మా చర్చి సంఘానికంతటికీ తెలిసిందల్లా నేను డాక్టరునవుతానని.

ఇదంతా ఒక వాగ్దాన కార్డు వల్ల వచ్చింది. కొత్త సంవత్సరం ఆరాధనలో మా చర్చిలో పళ్లెం నిండా చిన్న చిన్న కార్డులు పెడతారు. కళ్లు మూసుకుని ఒక్కటే తీసుకోవాలి. అందులో ఏ వాక్యం ఉంటే అదే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. నా కార్డులో, నేను చేతులుంచిన రోగులు బాగుపడతారని ఉంది. మా అమ్మ అన్నమ్మ అది చదివి అక్కడే ఏడ్చేసింది. తర్వాతి ఆదివారం ఆరాధనలో అందరి ముందూ లేచి, కూతురు డాక్టరవుతుందని సాక్ష్యం కూడా చెప్పేసింది. అప్పటినుంచి నా పేరు గ్లోరీ కాదు, డాక్టరమ్మ. బుల్లమ్మ మామ్మయితే ప్రార్థన అవగానే నా పక్కన చేరి మోకాలి వాపు చూపిస్తుంది. పదో తరగతి పిల్లని, నాకేం తెలుసని మొత్తుకున్నా వినదు. గుండె బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే ఆగిపోయేది నా గుండేనని వీళ్లకెలా చెప్పను?

అమ్మకు తెలియనిది ఇంకొకటి ఉంది. మార్కులకంటే అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. నేను మొదట తీసిన కార్డు అది కాదు. మొదటిది నచ్చక, ఎవరూ చూడకుండా పళ్లెంలో పెట్టేసి ఇంకొకటి తీశాను. ఆ పదకొండు మార్కులు అందుకు పడ్డ శిక్షే. నవ్వకండి, నేను నిజంగానే నమ్ముతున్నాను.

శనివారం అమ్మ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని బడికి వచ్చింది. తల్లులకు తాడు లాగే పోటీ పెట్టారు. అమ్మ జట్టే గెలిచింది. చెమటలు కారుతూ ఆవిడ పగలబడి నవ్వుతుంటే, ఇంకో పావుగంటలో ఆ నవ్వు ఉండదు కదా అనుకుంటూ చూశాను.

మా క్లాసు టీచరు నరసింగరావు మేస్టారు ప్రోగ్రెస్ కార్డు అమ్మ ముందు పెట్టారు.

"లెక్కల్లో వందకి తొంభై మూడమ్మా. జీవశాస్త్రంలో మట్టుకు పదకొండే. బైపీసీ జోలికెళ్లొద్దు. పాలిటెక్నిక్‌కి రాయించండి."

అమ్మ మార్కుల వైపు చూడనైనా లేదు. సంచిలోంచి బైబిలు తీసి, అందులో దాచిన నా వాగ్దాన కార్డు ఆయన ముందు పెట్టింది.

"పదకొండొస్తే ఏటి మేస్టారూ? దేవుడు మాటిచ్చినాడు, సూడండి. బైపీసీలోనే సేరుస్తాం."

మేస్టారు ఆ కార్డు చదివి నా వైపు చూశారు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇంకో రెండేళ్లు ఆ గుండె బొమ్మ గీస్తూ చావాలి.

"అది నాకొచ్చింది కాదమ్మా" అన్నాను. "మొదట వేరేది వచ్చినాది. దాన్ని పళ్లెంలో పెట్టేసి ఇది తీసినాను."

అమ్మ కొట్టలేదు. కొట్టినా బాగుండేది. బైబిలు సంచిలో పెట్టుకుని, మేస్టారికి దండం పెట్టి లేచింది. రైలు గేటు దాకా నా ముందే నడిచింది. గేటు వేసి ఉంది. గూడ్సు బండి పోయి, ఆ మోత తగ్గాక అడిగింది.

"సంగంలో అంతమంది ముందు సెప్పుకున్నాను కదే. ఆ మొదటి దాంట్లో ఏటున్నాది?"

"అందరికీ వచ్చేదేలే అమ్మా."

"ఏటున్నాదో సెప్పు."

"భయపడొద్దని."

అమ్మ నా మొహంలోకి చూసింది. మంగళవారం నుంచి నేను కంచంలో వదిలేసిన అన్నమంతా ఆవిడకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"అలాటి మాటనేటే, పిచ్చిదానా, నువ్వు పళ్లెంలో వొదిలేసొచ్చినావు?" అంది.

నేను రోడ్డు మీదే ఏడ్చేశాను. అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది.

"రేపు సంగంలో నాను సెప్తాను. తొందరపడి సాక్ష్యం సెప్పింది నానే కదా. నువ్వు పక్కన నిలబడు, సాలు."

గేటు ఎత్తారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని పట్టాలు దాటించింది. దాటాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.