ఓబులమ్మ గ్రైండర్

నేను ఒక గ్రైండర్‌ని. ఇడ్లీకి, దోసెకు పిండి రుబ్బుతాను. కోయంబత్తూరులో తయారై, లారీలో ఆళ్లగడ్డకు వచ్చి, బస్టాండు పక్కన మద్దిలేటి, ఓబులమ్మ అనే మొగుడూపెళ్లాల టిఫిన్ అంగడిలో దిగాను. ఓబులమ్మ నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దిష్టి తీసింది. మనుషులంతే, ఇనుముకు కూడా దిష్టి తీస్తారు, తమకు తీసుకోవడం మరిచిపోతారు.

ఆమెకు ఒకటే కోరిక, అహోబిలం కొండల్లో, నరసింహస్వామి చీల్చుకుని వచ్చాడనే ఉగ్రస్తంభం శిఖరం ఎక్కాలని. వీధిలో ఆడవాళ్లు బయల్దేరుతుంటే మద్దిలేటే పంపాడు.

"పోయిరా మే. అంగడి నేను చూసుకుంటా."

ఎక్కింది. దిగేటప్పుడు పాచి పట్టిన బండ మీద కాలు జారి వాగులో పడింది. తుంటి, తొడ ఎముక విరిగాయి. డోలీ కట్టి కిందికి మోసుకొచ్చారట.

కర్నూలులో ఆపరేషన్ చేశారు, చీము పట్టిందని మళ్లీ చేశారు. మద్దిలేటి మోటారుసైకిలు అమ్మాడు. ఆమె కమ్మలు అమ్మాడు. అంగడి ఖాళీ చేసి అడ్వాన్సు వెనక్కి తీసుకున్నాడు. చివరికి నా దగ్గరికి వచ్చాడు. శుభ్రంగా కడిగి, తుడిచి, పాతబజారులో మస్తాన్ హోటలుకు అమ్మాడు. డబ్బు జేబులో పెట్టుకుని కూడా కదల్లేదు.

"ఇక్కడే ఏదన్నా పని ఇస్తావా అన్నా?"

అలా తన గ్రైండర్ దగ్గరే కూలికి చేరాడు.

మంచంలో ఉన్న ఓబులమ్మకు అంగడీ, నేనూ పోయిన సంగతి తెలీదు. అంగడి నడుస్తోందనే చెప్పాడు. "చొక్కాకు పిండి వాసన వస్తాంటే నమ్ముతుందన్నా," అని మస్తాన్‌తో అనేవాడు. ఆమె కబుర్లు కూడా రోజూ మోసుకొచ్చేవాడు. కాలు కింద పెడితే కేకలు పెట్టిందని, గోడ పట్టుకుని నిలబడిందని, వాకర్‌తో వాకిలి దాకా వచ్చిందని. ఆ చివరి మాట చెప్పిన రోజు నాలో ఉప్పు రెండుసార్లు వేశాడు.

కొన్ని వారాలకు, ఒక ఉదయం మొగుడికి చెప్పకుండా, అతన్ని ఆశ్చర్యపెడదామని, ఓబులమ్మ వాకర్‌తో తన అంగడికి నడిచింది. అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఎవరో ఇటు దారి చూపించారు.

వంటింటి గుమ్మంలో ఆగి నన్ను చూసింది. మోచేతుల దాకా పిండితో ఉన్న మద్దిలేటిని చూసింది. అతను గబుక్కున నన్ను ఆపేశాడు.

"ఎన్నాళ్లు చెప్పకుండా ఉందామనుకున్నావ్?"

"నువ్వు నడిచేదాకా."

"నడిచినా కదయ్యా," అంది. అని భోరున ఏడ్చింది. "నేను ఆ కొండ ఎక్కకుంటే..."

"పంపింది నేను మే."

ఆమె కళ్లు తుడవబోయి తన చేతులు చూసుకుని ఆగిపోయాడు. ఇంటిదాకా దిగబెడతానన్నాడు.

"వద్దు. కూలి పోతాది. పని చూసుకో."

వాకర్ తిప్పుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లింది. ఆమె సందు మలుపు తిరిగేదాకా మద్దిలేటి గుమ్మంలో నిలబడ్డాడు. బయట ఎవరో ఇడ్లీ ఇంకా కాలేదా అని కేకేశారు. వచ్చి నా స్విచ్ వేశాడు.