ముందు పిస్టన్, తర్వాత బోరు

బంగారయ్య నాలుగో పిస్టన్‌ను కూడా మెత్తటి గుడ్డతో తుడిచి, బల్ల మీద మిగతా మూడింటి సరసన బోర్లించాడు. వాటిని నిన్ననే డబ్బాల్లోంచి తీసి ఇంజన్ బ్లాకు పక్కన, ఒకే నీడలో ఉంచాడు. వేడి మీద లోహం ఒక కొలత చెబుతుంది, చల్లారాక ఇంకొకటి చెబుతుంది. రెండూ ఒక్క చల్లదనానికి వచ్చేదాకా మైక్రోమీటర్ ముట్టుకోకూడదని అతని పట్టుదల. రాయపూర్ శివార్లలోని భన్‌పురిలో ఇంజన్ షెడ్లకు కరువు లేదు గాని, ఇంత చాదస్తం ఉన్న మనిషి మాత్రం ఇంకొకడు దొరకడు.

పొట్టి మనిషి. నెత్తిన జుట్టు పలచబడింది, అరచేతి గీతల్లో గ్రీజు స్థిరపడిపోయింది. పెళ్ళినాటి ఫోటోలో కూడా ఆ చేతులు అలాగే ఉంటాయని భార్య పైడమ్మ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. పిల్లలు కలగలేదు. పిస్టన్లు ఎంచడం తప్ప అతను జీవితంలో చేసిన మరో ఘనకార్యం ఏమీ లేదు. ఆ మాట ఎవరైనా అంటే అవును సుమా అని తలూపుతాడు కూడా.

ఈ పిస్టన్లు వీరేంద్ర జీపువి. వీరేంద్ర మోవాలో ఉంటాడు, వానాకాలం బురద పందేలంటే పడి చస్తాడు. ఉన్నది చిన్న పెట్రోలు ఇంజనే, దాని చేత పెద్ద ఇంజన్ చాకిరీ చేయించాలని అతని సరదా. మామూలు పోత పిస్టన్లు ఆ వేగానికి చిట్లిపోతాయని, ఒత్తి గట్టిపరిచిన ఫోర్జింగ్ పిస్టన్లు రెండు సెట్లు తెప్పించాడు. ఒకటి ట్వంటీ సైజు, ఒకటి ఫార్టీ. నంబరు పెరిగిన కొద్దీ పిస్టన్ లావు పెరుగుతుంది, దానికి తగ్గట్టు సిలిండర్ గోడను మరికాస్త కోయాలి.

"ఫార్టీ డాలో నా, దాదా! ఖీంచేగీ జబర్దస్త్!" అని పొద్దున్నే వచ్చి గోల పెట్టాడు వీరేంద్ర.

"నహీ బేటా. దీవార్ బచ్‌నీ చాహియే," అన్నాడు బంగారయ్య.

గోడ మిగలాలి. ఫార్టీ వేస్తే లాగుడు పెరుగుతుంది, నిజమే. కాని గోడ పలచబడి వేడెక్కుతుంది, ఒకసారి అరిగిందంటే మళ్ళీ కోయడానికి ఏమీ ఉండదు, బ్లాకు తుక్కుకి పోవలసిందే. ట్వంటీ వేస్తే దానికి ఇంకో బతుకు మిగులుతుంది. ఎవరు ఏ ఇంజన్ తెచ్చినా అతను చెప్పే మాట ఇదొక్కటే. ఈ మాట మీద షెడ్డు యజమాని సేఠ్‌తోనే పోట్లాడిన రోజులున్నాయి. వీరేంద్ర మూతి ముడుచుకుని, సరే నీ ఇష్టం అని వెళ్ళిపోయాడు.

నాలుగింటినీ ఒక్కొక్కటిగా త్రాసులో పెట్టాడు. వాటిలో అన్నిటికన్నా తేలికైనది ఏదో చూసుకుని, మిగతా మూడింటిని దాని తూకానికి దించాలి. లోపలి అంచున, బలం అక్కర్లేని చోట, పసిపిల్ల గోళ్ళు తీసినంత భయంగా ఆకురాయితో గీకాడు, తూచాడు, మళ్ళీ గీకాడు. ఒకటి బరువుగా ఉంటే పరుగు మీద ఇంజన్ మొత్తాన్ని కొడుతుంది. అన్నీ సమానమయ్యాక కొలత తీసి, ఏ పిస్టన్ ఏ బోరుకో, అంటే ఏ సిలిండర్ రంధ్రానికో, తలల మీద అంకె వేశాడు. ఈ షెడ్డులో పద్ధతి అది. ముందు పిస్టన్, తర్వాత బోరు. పిస్టన్ ఎంత ఉందో చూసి దానికి సరిపోను రంధ్రం కోస్తారు గాని, రంధ్రం కోసేసి దానికి పిస్టన్ వెతకరు.

కోసేవాడు భీమారావు.

ఇద్దరి తండ్రులూ విజయనగరం అవతలి పల్లెల నుంచి రాయపూర్ రైల్వేకి ఖలాసీలుగా వచ్చినవాళ్ళే. ఇద్దరూ పక్కపక్క క్వార్టర్లలో పెరిగి, ఒకరి వెనక ఒకరు ఈ షెడ్డులో చేరారు. పైడమ్మ కాపరానికి వచ్చిన కొత్తలో, ఇన్ని హిందీ ముఖాల మధ్య మన మాట మాట్లాడే మనిషి కనబడ్డాడని సంబరపడి, భీమారావుని అన్నయ్యా అని పిలిచింది. దాంతో అతను బంగారయ్యకి బావ అయిపోయాడు. షెడ్డంతా హిందీ, ఛత్తీస్‌గఢీ. ఆ బల్లకీ బోరింగ్ మెషిన్‌కీ మధ్య మాత్రం తెలుగు.

"ఇదిగో బావా, నీ పెళ్ళికూతుళ్ళు," అంటూ పిస్టన్లు అందించాడు బంగారయ్య.

"ఏటి, తూకాలేసీసినావా? నానేటో సాయంకాలం దాకా పడతాదనుకున్నాను," అని నవ్వాడు భీమారావు. నవ్వాడు గాని, ఆ నవ్వులో పూర్వపు ధీమా లేదు.

ఎందుకుంటుంది? కిందటి నెల అతని చేతిలో ఒక ట్రాక్టర్ బ్లాకు పాడైంది. చెయ్యి వణుకుతోందని షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి. ఈ జీపు ఇంజన్ చూస్తాను, ఇదీ పోతే భీమారావు ఇంక ఇంట్లో కూర్చోవలసిందే అని సేఠ్ తేల్చి చెప్పేశాడు. ఇల్లంటే ఎవరి ఇల్లు? భార్య పోయాక అతను ధర్సీవాలో కూతురు పూర్ణిమ దగ్గర ఉంటున్నాడు. అల్లుడు మంచివాడే, పల్లెత్తు మాట అనడు. అయినా అక్కడ భీమారావు ఒక మూల మంచం. మెషిన్ ముందు నిలబడ్డప్పుడే అతను మనిషి. ఆ సంగతి బంగారయ్యకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మధ్యాహ్నం ఇద్దరూ రేకుల కింద కూర్చుని క్యారేజీ విప్పారు. పైడమ్మ ఎండు నెత్తళ్ళ చేపలు వేయించి పెట్టింది.

"మా సెల్లి గూడా నీలాగే తయారైపోనాది బావా. తూసి పెట్టినట్టు పెడతాది. ఓ నెత్తలి ఎక్కువేసిందా? నేదు!"

"తిను తిను. మాటలాపి తిను."

అన్నం తిన్నాక భీమారావు చేతులు కడుక్కుని, మెషిన్‌కి దణ్ణం పెట్టి, మొదటి బోరు మీద కత్తి దించాడు. బంగారయ్య దూరంగా కూర్చుని వేరే ఇంజన్ రింగులు చూస్తున్నట్టు నటించాడు. చెవులు రెండూ అటే ఉన్నాయి. నాలుగు బోర్లూ అయ్యాయనిపించాక, గేజ్ పట్టుకుని లేచాడు. కోసినవాడు ఒకడు, కొలిచేవాడు ఇంకొకడు. అదీ ఇక్కడి పద్ధతే.

మొదటిది చక్కగా ఉంది. రెండోదీ అంతే. మూడోదాన్లో గేజ్ దించగానే ముల్లు నిలవలేదు, అవతలికి పోయింది. బయటికి తీసి తుడిచి మళ్ళీ దించాడు. అయ్యో రామా! ఆఖరున నునుపు చేయడానికి వదలవలసిన వెంట్రుకవాసి కూడా వదల్లేదు సరికదా, ఇంకా కోసేశాడు. దీన్లో ట్వంటీ పిస్టన్ వేస్తే డబ్బాలో గోళీలా ఆడుతుంది. సేఠ్ ఆఫీసు గదిలోంచి అద్దం గుండా ఇటే చూస్తున్నాడు. భీమారావు వీపు తిప్పి మెషిన్ తుడుస్తున్నాడు.

బంగారయ్య గేజ్‌ను గుడ్డలో చుట్టాడు. నోరు విప్పితే బావ బతుకు వీధిలో పడుతుంది. విప్పకపోతే ఇన్నాళ్ళు తను చెప్పిన మాట ఏమవుతుంది? ఎక్కువసేపు ఆలోచించలేదు. షెడ్డు వెనక్కి వెళ్ళి వీరేంద్రకి ఫోన్ చేశాడు. నువ్వన్నదే బాగుంది బేటా, ఫార్టీయే వేద్దాం అన్నాడు. అవతల వీరేంద్ర ఎగిరి గంతేసినంత పని చేశాడు. సేఠ్‌కి కూడా, ఇది వీరేంద్ర ఇష్టం అని చెప్పాడు.

నాలుగు బోర్లూ ఫార్టీకి మళ్ళీ కోస్తే మూడోదాని తప్పు ఆ కోతలోనే కొట్టుకుపోతుంది. ఎవరికీ తెలియదు. గబగబా రెండో సెట్టు తూచి, గీకి, అంకెలు వేసి తీసుకెళ్ళాడు.

"జీపు పార్టీ ఫోన్ సేసినాడు బావా. ఫార్టీయే కావాలంట. మనకేటి, కోసి పడేద్దాం."

భీమారావు పిస్టన్ల కేసి చూశాడు, తర్వాత బంగారయ్య ముఖం కేసి చూశాడు. కత్తి సరిచేసుకుని, పిస్టన్ పక్కన పెట్టుకుని, వేలితో తడిమి తడిమి, ఒక్కో బోరు దగ్గర ఆగి ఊపిరి తీసుకుని కోశాడు. ఈసారి గేజ్ దించితే నాలుగూ నాలుగు ముత్యాలు. సేఠ్ స్వయంగా వచ్చి చూసుకుని, "బఢియా, భీమారావ్," అని భుజం తట్టి పోయాడు. బంగారయ్యకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. గండం గడిచిందనుకున్నాడు పిచ్చివాడు.

సాయంకాలం కుళాయి దగ్గర సబ్బు రుద్దుకుంటూ భీమారావు మెల్లగా అన్నాడు.

"మూడోది పోనాది గదా బావా?"

"ఏటి పోవడం? పార్టీ అడిగినాడని సెప్పినాను గదా!"

"నువ్వు ఎప్పుడూ గోడ మిగలాలంటావు. దేముడు దిగొచ్చి అడిగినా పెద్ద పిస్టన్ ఎయ్యవు." నీళ్ళు ధారగా పోతున్నాయి. "బోరుని సూసి పిస్టన్ ఎంచినావు, ఇయ్యాళ. నా కోసం. అప్పుడే తెలిసిపోనాది నాకు, నా పనైపోయిందని."

"ఊరుకో బావా..."

"నీ సేత అబద్దం ఆడించీసినాను. సేఠ్ తిట్టినా ఇంత బాధ ఉండకపోను. రేపట్నించి రాన్లే."

బంగారయ్యకి తన పెద్ద మనసుతోనే బావ గుండెను కోసేశానని ఆ క్షణంలో తెలిసింది. తెలిసీ, "రేపు మాటాడుకుందాం, పద," అనగలిగాడంతే. భీమారావు తలూపి, చేతులు తువ్వాలుకి తుడుచుకుని, ధర్సీవా ఆటో ఎక్కాడు. వెనక్కి చూసి చెయ్యి కూడా ఊపాడు.

రాత్రి అన్నం దగ్గర సంగతంతా చెబితే పైడమ్మ తల కొట్టుకుంది. "పోయిందని మొకం మీద సెప్పీవలసింది. ఇద్దరూ కొట్టుకునీవోరు, అయిపోను. తెల్లారనీ, అన్నయ్యతో నేను మాటాడతాను."

తెల్లారింది. పైడమ్మ ఫోన్ చేయకముందే పూర్ణిమ ఫోన్ వచ్చింది. నాన్న నిద్రలోనే పోయాడని, డాక్టరు చూసి వెళ్ళాడని చెప్పింది. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల గొంతు బొంగురుపోయింది.

"మామయ్యా, వచ్చేటప్పుడు నాన్న కళ్ళజోడు అట్టుకొచ్చీ. మెషిన్ కాడే ఉంటాది. సూపు ఆననేదంటే దసరాకి నేనే సేయించినాను. పన్లో రోజూ పెట్టుకుంటన్నానని సెప్పీవోడు. నాన్నకి అది పెట్టి పంపుతాను."

"అలాగే తల్లీ," అన్నాడు బంగారయ్య. భీమారావు ముఖం మీద కళ్ళజోడు అతను ఏనాడూ చూడలేదు.

షెడ్డు ఇంకా తెరవలేదు. కాపలావాడు తలుపు తీశాడు. మెషిన్ కింది సొరుగులో కత్తులు, రెంచీలు, నూనె గుడ్డల ఉండలు ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాడు. అట్టడుగున ఎర్రటి కళ్ళజోడు డబ్బా తగిలింది. చెయ్యి కాదు, బావా, కళ్ళా? ఒక్క మాట చెప్పి ఉంటే నేను కొలత చదివి చెప్పకపోదునా? నేల మీద చతికిలబడి, ఆ ఖాళీ షెడ్డులో తెలుగులో భోరున ఏడ్చాడు.

డబ్బా మూత తీశాడు. నల్ల ఫ్రేము కళ్ళజోడు, కుడి అద్దం మీద దుకాణం వాళ్ళు అంటించిన కాగితం ముక్క ఇంకా ఊడకుండానే ఉంది.