ఏడో నంబరు సాంచ కార్డు

సూరత్ దిక్కు బమ్రోలిల ఒక కార్ఖానాల ముప్పైరెండు సాంచలున్నయి. కరెంటుతోని బట్ట నేసే మగ్గాలన్నట్టు. నేసే కారిగర్లు తలా నాలుగు నడిపిస్తరు. ఏడో నంబరు ఒక్కటే మహా మొండిది, దానికి నిండ ఒక మనిషి కావాలె. ఆ మనిషే రాజలింగం. ఇరువై రెండేండ్ల సంది దాని మీద వేరేటోడు చెయ్యి పెడితే ఊరుకోడు.

మొన్న సేట్ ఒక ఇంజనీరును తెచ్చిండు. పేరు శ్యాంసుందర్. మనోళ్ల పిలగాడే, సూరత్‌లనే పుట్టి, చదివి, అడాజన్‌ల ఫ్లాటు తీసుకున్నడు. వచ్చుడే ఆలస్యం, ప్రతి సామానుకు ఒక కార్డు అంటిచ్చుడు షురూ జేసిండు. కొన్ననాటి సంది పాత ఇనుము కింద భంగార్‌ల పడేదాక అది ఎంత తింటదో రాస్తడట. అది చేసే పనిని ఇంకోటి తక్కువల చేస్తదా అని చూస్తడట. ఫ్యాన్లయినయి, బకెట్లయినయి, ఆఖరికి గోడ మీది దేవుని పటాన్ని గూడ ఇడువలే. "పని: ధైర్యమిచ్చుడు. ఖర్చు: రోజుకు రెండు ఊదుబత్తులు" అని రాసి, ఒక్కటి సాలని తేల్చిండు. సేట్ మస్తు ఖుషీ అయిండు.

రాజలింగం గుండెల రాయి పడ్డది. ఖర్చెక్కువున్న సాంచ భంగార్‌కే పోతదన్నరు. ఏడో నంబరు పోతే యాబై నాలుగేండ్ల మనిషిని ఇంకే సాంచ మీద నిలవెడ్తరు?

శ్యాంసుందర్ వచ్చి సాంచ పక్కన్నే నిలవడ్డడు. "మామా, దీని రిపేరుకు ఏడాదికి ఎంతైతది?"

ఇగ చూడుండ్రి. మనోళ్లు సాంచ ముంగట సాంచను ఒక్క మాట అనరు. అన్నరంటే అది అలుగుతది, ఆ దినం పోగు నిలువది. రాజలింగానికి వాళ్ల నాయిన నేర్పిన పద్ధతి. "బయటికి రా బిడ్డా, చెప్త" అంటే అయిపోవు. అంత తెలివి ఏడున్నది!

"రిపేరా? దీనికేం రిపేరు? బంగారమసోంటిది."

"నూనె?"

"అడుగనే అడుగది."

"పోగులు తెగుతయా?"

"తెగయి." అప్పుడే రెండు పోగులు పుటుక్కుమన్నయి. రాజలింగం గట్టిగ దగ్గి, ఎనుకకెల్లి చెయ్యి పెట్టి ముడేసిండు.

నిజమేందంటే దాంట్ల సగం ఆయన ఇంటి సామానే. ఒక కాడ చెప్పు పట్టీ, ఒక కాడ పెండ్లాం నర్సవ్వ పాత చీర పీలిక, ఇంకో కాడ సైకిల్ ట్యూబు ముక్క. ఏది ఎప్పుడు ఊడుతదో ఆయనకొక్కనికే ఎరుక.

మూడు దినాలకు సేట్ అందరి ముంగట రిపోర్టు చదివిపిచ్చిండు. కార్ఖానాల పస్టు నంబరు సాంచ ఏడోది! రిపేరు సున్న. ఇంక పదేండ్లు నడుస్తది. రాజలింగానికి సంతోషంతోని కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"గని మామా," శ్యాంసుందర్ తల దించుకున్నడు, "దానికున్న ఖర్చంత నెలనెల నీకిచ్చే పగారే. పోగు తెగదంటివి, రిపేరు లేదంటివి. మరి నువ్వు చేసే పని ఏందని రాయాలె?"

రాజలింగం నోరు తెరిచిండు. సాంచ పక్కన్నే ఉన్నది. నోరు మూసుకున్నడు. కొలువు వోయింది.

"నీ నోట్ల మన్ను వడ!" అని ఇంట్ల నర్సవ్వ నెత్తి కొట్టుకున్నది. ఆమె గూడ ఆ కార్ఖానాలనే పద్దెనిమిదేండ్ల సంది కండెలు చుడ్తది. "అది అలిగితే అలుగనీ! ఇప్పుడు మనం ఏం తిని బతుకాలె?"

తెల్లారి ఏడో నంబరు పావుగంట నడిచి ఆగింది. ముగ్గురు మిస్త్రీలు ఇప్పి చూసిండ్రు. చెప్పు పట్టీ చేతుల పట్టుకొని "ఇది ఏ కంపెనీ పార్టు?" అని అడిగిండ్రట. పదేండ్లు నడుస్తదని సంతకం పెట్టిన శ్యాంసుందర్‌కు చెమటలు వట్టినయి.

నాలుగో దినం స్కూటరేసుకొని ఇంటికే ఉరికొచ్చిండు. "మామా, కారిగర్ల లెక్కల నీ జాగ సేట్ కొట్టేసిండు, మళ్ల తెరువడు. స్పేర్ పార్టుల లెక్కల జాగ ఉన్నది. నిన్ను అండ్ల రాస్త, ఒప్పుకో." కార్డు తీసి చదివిండు. "పేరు రాజలింగం. తయారైంది జగిత్యాల దిక్కు. భంగార్ ధర సున్న."

"సున్ననా!" నర్సవ్వ మీదికొచ్చింది. "బకెట్‌కు గూడ ఇరువై రూపాలు రాసినవట గదా!"

"జర ఇను అత్తమ్మా. మూడు నెలలకోపారి డాక్టరుకు చూపియ్యాలె. రోజుకు ఎనిమిది గంటలకన్న ఎక్కువ నడుపొద్దు. వేడెక్కితే బందు వెట్టాలె."

రాజలింగం ఆ ముక్క మళ్ల చదివిపిచ్చుకున్నడు. ఇన్నేండ్లు పన్నెండు గంటలు నిలవడి చేసిండు, జొరమొచ్చినా సేట్ ఒక్కనాడు రజా ఇయ్యలే. "ఇది నాకేనా బిడ్డా?"

"పార్టు పాడైతే సాంచ ఆగుతది గద మామా. అన్ని పార్టులకు గిట్లనే ఉంటది."

మరునాడు రాజలింగం కార్ఖానాకు పోయేసరికి ఆఫీసు ముంగట లైను కట్టి ఉన్నది. కార్డు ముచ్చట రాత్రికే పాకినట్టున్నది, కారిగర్లు అందరికందరు అండ్లనే ఉన్నరు. అందరికన్న ముంగట నర్సవ్వ, చంకల కండెల గంప.

"నన్ను గూడ సామాన్ల రాయి బిడ్డా," అంటున్నది శ్యాంసుందర్‌తోని. "మనిషి లెక్కల ఉండి ఉండి నా నడుములు వోయినయి."