బీడీ దారం కొలత

ఎల్లారెడ్డిల హన్మవ్వ నోరు మంచిది కాదని వాడకట్టంత ఒప్పుకుంటది. చేతులు మాత్రం బంగారమని గూడ ఒప్పుకుంటది. నలభై ఏండ్ల సంది బీడీలు చేస్తున్నది, ఒక్కటి లావు ఒక్కటి సన్నం అని ఎవ్వలతోని అనిపిచ్చుకోలే. గా చేతులల్ల ఇప్పుడు మనుమరాలు భాగ్యశ్రీ పడ్డది. తొమ్మిదేండ్ల పిల్ల, రక్తం క్యాన్సరు. హైదరాబాద్‌ల మందులు షురువు జేసి, కుడి చేతి నరంల సన్నటి గొట్టం వెట్టి ఇంటికి పంపిన్రు. తల్లి అనిల పొద్దుగాల పనికి పోతె మాపటికే వస్తది, పిల్లను సూసుకునేది అవ్వే.

కామారెడ్డి దవాఖానల వారానికోసారి గొట్టం కడిగే సిస్టర్ కృపాజ్యోతి ఇడమర్చి చెప్పింది. ఈ మందులకు, ఈ గొట్టానికి నెత్తురు గడ్డ కట్టే భయముంటది, ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోతె పానం మీదికొస్తది. నీళ్లు బాగ తాపాలె, పిల్లను ఊకె పండవెట్టద్దు, రోజు పొద్దుగాల రెండు చేతులు టేపుతోని కొలిచి కాయితం మీద రాయాలె. హన్మవ్వ తలకాయ ఊపి టేపు కొంగున కట్టుకున్నది. దాని మీది నెంబర్లు తనకు రావని చెప్పనీకె సిగ్గయింది.

ఇంటికొచ్చి టేపు గూట్ల పడేసింది. కుడి దండచేతికి ఎర్ర బీడీదారం, ఎడమ దండచేతికి పచ్చ దారం చుట్టి, కొసలు కలిసిన కాడికి తెంపింది. రోజు చుట్టి సూసుడు, తీసుడు. పది రోజులు కొసలు కల్సినయి.

పదకొండో రోజు ఎర్ర దారం కలవలే. రెండు బియ్యపు గింజలంత సందు.

పక్కింటి భూమక్క వచ్చి, గోలీలకు మొఖం ఉబ్బలేదా, చెయ్యి గూడ గంతే, నువ్వుల నూనె వెచ్చజేసి గట్టిగ రుద్దుమన్నది. హన్మవ్వ గూడ చిన్నప్పటిసంది ఉబ్బుకు నూనె రుద్దుడే ఎరుగు. గిన్నె పొయ్యి మీద వెట్టింది. నూనె కాగేదాక ఊకోలేక పచ్చ దారం ఎడమ చేతికి చుట్టి సూసింది. కొసలు సక్కగ కల్సినయి. గోలీలకే ఉబ్బితె రెండు చేతులు ఉబ్బాలె గదా! పొయ్యి బంద్ జేసి, నీ నూనె నువ్వే రుద్దుకోమని భూమక్కకు చెప్పి, పిల్లను తీస్కొని కామారెడ్డి బస్సెక్కింది.

డాక్టర్ పురుషోత్తం చెయ్యి అటుఇటు తిప్పి సూసిండు. నొప్పి లేదు, రంగు మారలేదు, రెండు ఒక్కతీరుగనే ఉన్నయి, రోజు కొలిచిన కాయితం ఏదన్నడు. హన్మవ్వ మొఖం మాడిపోయింది. అయినా రెండు దారాలు బల్ల మీద వెట్టింది.

"నాకు నెంబర్లు రావు సారూ. గని నా చేతి కొలత తప్పది."

కృపాజ్యోతి టేపు తీసి కొలిచింది. ఎర్ర దారం కన్న కుడి చెయ్యి సెంటీమీటరున్నర ఎక్కువున్నది. వెంటనే స్కాన్ తీసిన్రు. నరంల గడ్డ కట్టుడు అప్పుడప్పుడే మొదలైంది. గట్టిగ రుద్దితె ఊడి పైకి పోయేదేమోనని డాక్టర్ అంటుంటె హన్మవ్వకు పొయ్యి మీది గిన్నె కండ్లల్ల మెదిలింది.

డాక్టర్ హైదరాబాద్ డాక్టర్లతోని ఫోన్ల మాట్లాడి, గడ్డ పెరగకుండ రోజుకు రెండు సూదులు రాసిండు. సూదిల మందు ఎందాక ఎక్కాల్నో గీత గీసి, కడుపు మీది తోలు పట్టి ఎట్ల ఇయ్యాల్నో సిస్టర్ ఒక్కసారి సూపెట్టింది. రెండోసారి సంది అవ్వే ఇచ్చింది. పిల్ల ఒక్కనాడు గూడ ఏడ్వలే.

మూడు నెలలకు మళ్ల స్కాన్. గడ్డ లేదు! హన్మవ్వ దవాఖాన వరండలనే పిల్లను ఎత్తుకొని ఏడ్చింది, నవ్వింది. అక్కడున్న తల్లులందరికి ఎర్ర దారం సూపెట్టి కథంత చెప్పింది. కృపాజ్యోతి అప్పటికే కొత్తగ వచ్చే తల్లులను టేపు కావాల్నా, దారం కావాల్నా అని అడుగుతున్నది, ఎవ్వలు సిగ్గువడకుండ.

ఫైలు రాస్కుంట కొలత ఎంతుందని సిస్టర్ అడిగితె, భాగ్యశ్రీ తనే దారం చుట్టుకొని సూసింది.

"కొసలు కల్సినయని రాయి సిస్టర్."

కృపాజ్యోతి నెంబరు రాసే గడిల గా మాటే రాసింది. డాక్టర్ సదివి, కింద సంతకం వెట్టిండు.